ఏడిండ్ల బియ్యం

బెళుగుప్ప,
ఫిబ్రవరి 23.

అంజూ,

సిస్టర్లకు తర్ఫీదిచ్చే ఆ నొవిషియేట్‌లో ఫోను ఉండదని తెలిసీ మొన్న నీ పాత నంబరుకు మెసేజ్ పెట్టాను. ఒక్క టిక్కు పడి ఆగిపోయింది. అందుకే కాగితం తీశాను. పదో తరగతి తరువాత నేను ఎవరికీ ఉత్తరం రాయలేదు. పరీక్షలో 'స్నేహితురాలికి లేఖ' రాసినట్టు ఉంటే నవ్వుకో.

ఫాదర్ గారు గుడి యువత బాధ్యత నాకు అప్పగించారు. నేను అడగలేదు. "ఎలిజబెత్ డిగ్రీ చదివిన పిల్ల, డీఎస్సీకి ఎటూ ఇంట్లోనే చదువుకుంటోంది" అని పూజ అయ్యాక అందరి ముందూ చెప్పేశారు. కాదనాలంటే నోరు తెరవాలి కదా. కాన్వెంటులో అసెంబ్లీ ప్రార్థన చదవమంటే జ్వరం తెచ్చుకున్నదాన్ని, నీకు తెలుసు.

ఈస్టరుకు ముందు ఈ తపస్సు కాలంలో ఏం చేద్దామని పిల్లలు అడిగారు. వండుకోలేని వాళ్లకు ఆదివారం మధ్యాహ్నం మనం వండి ఇద్దాం అన్నాను. అంత పొడుగు మాట ఎట్లా వచ్చిందో తెలియదు. శ్రీకాంత్ వెంటనే లేచాడు. "బాగుండాదక్కా. మనలో వంట వచ్చినోళ్లు ఎవరు?" ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

బియ్యం ఎక్కడివంటే, గుడి తలుపు పక్కన వేలాడే సంచి నువ్వు చూశావు. ఆడవాళ్లు ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి పూటకు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి, ఆదివారం తెచ్చి అందులో పోస్తారు. అది ఇంతకాలం గుడిలో ప్రార్థనలు నడిపే ఉపదేశి యేసన్న ఇంటికి పోయేది. ఆయనే "తీసుకోండమ్మా, మేమిద్దరం ఎంత తింటాం" అన్నాడు. పెండ్లిండ్లకు పాత్రలు అద్దెకిచ్చే హుస్సేన్ బాషా దేక్సా ఊరికే ఇచ్చాడు. రోజాలో ఉన్నాడు, గొంతు ఎండిపోయి ఉంది. "కడిగి ఇయ్యాల. మాడబెడితే గీకి ఇయ్యాల" అన్నాడు. రెండూ చేశాం.

ఆ సంచిలో ఎన్ని ఇండ్లుంటే అన్ని రకాల బియ్యం ఉన్నాయని దేక్సా దించాకే తెలిసింది. సన్నవి గంజి అయిపోయాయి. పాతవి పలుకు. స్టోరు బియ్యం ముద్దకట్టి అడుగున మాడింది. "మూడు రకాలు వండినాంలేక్కా" అన్నాడు శ్రీకాంత్. మీ పక్కింటి తిప్పమ్మవ్వ రెండు మెతుకులు నోట్లో వేసుకుని, "పండ్లు లేనోళ్లకు ఒక పక్కది, పండ్లుండేవాళ్లకు ఇంకో పక్కది పెట్టండి" అంది. పిల్లలు పడిపడి నవ్వారు. నేను కూడా నవ్వాననుకుంటా.

ఇక్కడ అందరూ క్షేమం. మీ వీధి అట్లే ఉంది. గాలిమరలు తిరుగుతూనే ఉన్నాయి. వాటి చప్పుడుకు చదువు సాగడం లేదు.

నీ లిజీ.


గుంటూరు,
మార్చి 4.

లిజీ,

'ఇక్కడ అందరూ క్షేమం' అని రాశావు. నువ్వు అట్లా రాసే మనిషివి కాదు. ఆ అందరిలో మా అమ్మ ఉందా?

మా తిప్పమ్మవ్వ కథ భోజనాల దగ్గర చదివి వినిపించాను. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒకటే తోచింది. తిప్పమ్మవ్వ దాకా పోయినదానివి పక్కనే ఉన్న మా తలుపు గురించి ఒక్క ముక్క రాయలేదు. ఎందుకు?

ఇక్కడికి వచ్చినప్పటి నుంచి నెలకొక ఉత్తరం రాస్తున్నాను అమ్మకు. జవాబు లేదు. ఆమెకు చదువు రాదు. ఎవరిచేతనైనా చదివించుకుంటుందో, పొయ్యిలో పెడుతుందో. నేను బస్సెక్కే రోజు లోపల గొళ్లెం పెట్టుకుంది, గుర్తుందా? నువ్వే కదా నా పెట్టె మోశావు. బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఏడ్చింది, తిట్టింది, ఓర్చుకుంది. సిస్టర్లలో చేరతానన్నప్పుడు మాత్రం తిట్టలేదు. అదే భయం వేసింది.

మే నెలాఖరున, సిస్టరుగా దేవునికి మాట ఇచ్చే నా మొదటి మాటపట్టు. తెల్లచీర కొలతలు తీసుకున్నారు. ఈ నెల నుంచి నాకు వంటింటి పని, నలభై మందికి. మూడు పూటలా అన్నమే. సంగటి అంటే ఇక్కడి పిల్లలకు తెలియదు. నేను బాగానే ఉన్నాను, బాగా తింటున్నాను.

అమ్మ సంగతి రాయి. దాచకు.

అంజలి.


బెళుగుప్ప,
మార్చి 16.

అంజూ,

అడిగావు కనుక మీ అమ్మ సంగతి రాస్తున్నాను. ఫిబ్రవరి మొదట్లో చౌడమ్మత్త కూలికి పోయి వస్తూ ట్రాక్టరు ట్రాలీ దిగబోయి పడింది. కుడిచేయి మోచేయి కింద విరిగింది. పుత్తూరు కట్టు కట్టించారు. బాగవుతుందన్నారు కానీ నెలలు పడుతుందట. నీకు రాస్తే నువ్వు అన్నీ వదిలి వచ్చేస్తావని భయపడ్డాను. అది నీ గురించి నేను నిర్ణయించాల్సింది కాదు.

రెండో ఆదివారం అన్నం కూడా అట్లే అయింది. శ్రీకాంత్ విసిగిపోయి, "దీంట్లోకి రాగిపిండి ఏసి కెలికేస్తే పీడా పాయె" అన్నాడు. ఎగతాళికే అన్నాడు. నాకు అప్పుడు వెలిగింది. సంగటికి బియ్యం మెత్తగా చితకాల్సిందే కదా, ఎవరింటివైతే ఏమి. మూడో ఆదివారం సంగటి చేశాం. పిల్లలకు మొదట నామోషీ. "పలావు పెడతారనుకుంటే సంగటా" అని ఊళ్లో అంటారని. కట్టె పట్టి కెలికేటప్పటికి నలుగురికి చేతులు పడిపోయాయి, నామోషీ గురించి ఆలోచించే తీరిక లేకపోయింది. ఉండలు కొన్ని కట్టాయి. అయినా తిన్నారు.

క్యారియర్ తీసుకుని మీ ఇంటికి పోయాను. ధైర్యానికి శ్రీకాంత్‌ను వెంట తీసుకుపోయాను. అత్త గడప మీద కూర్చుని ఉంది. పక్కన టీ గ్లాసు.

"ఏమిది?"

"సంగటి అత్తా. చెనిక్కాయల ఊరిబిండి."

"ఎవరు పంపినారు?"

"గుడి యువత."

ఆమె గొంతు పెంచలేదు. "ఓ మనిషిని తీసుకోని ఓ ముద్ద ఇస్తాండారా? బేరం బాగుండాది" అంది.

వెనక నుంచి శ్రీకాంత్, "బేరం కాదు చౌడమ్మక్కా, ఊరికే ఇచ్చేదే" అన్నాడు.

"ఊరికే తినేదానికి నేనేమన్నా దావన పోయే కుక్కనా? ఎత్తుకోని పోండి. ఎండ ఎక్కువుండాది, ఆ పాప మొగం సూడు, పడిపోతాది."

ఆ చివరి మాట నన్ను గురించే. తిడుతూ కూడా నా ముఖం చూసింది.

తిప్పమ్మవ్వను అడిగితే, అత్త టీలో బన్ను ముంచుకుని తింటోందట, రోజూ అదే. తాను పెడతానన్నా వద్దందట. ఇదంతా రాయకూడదేమో. నువ్వు దాచకు అన్నావు.

లిజీ.


గుంటూరు,
మార్చి 22.

లిజీ,

చేయి విరిగి ఇన్ని వారాలైతే నాకు ఇప్పుడు తెలిసింది. నేను ఇక్కడ తెల్లారి లేచి రోగుల కోసం ప్రార్థన చేస్తున్నాను, పేర్లు కూడా తెలియని రోగుల కోసం.

కోపం నీ మీద కాదు. కాదనుకుంటా.

ఇంటికి పంపమని మా పెద్ద సిస్టర్‌ను అడగాలి. అడగలేకపోతున్నాను. ఒకసారి పోతే మళ్లీ వస్తానో రానో నాకే తెలియదు. రాకపోతే అమ్మ గెలిచిందంటారు. వస్తే అమ్మను మళ్లీ వదిలి వచ్చినట్టు. ఏది ఆలోచించినా నడుమ బన్ను, టీ గ్లాసు కనిపిస్తున్నాయి.

మళ్లీ పో. ఎట్లాగైనా తినిపించు. ఎట్లాగైనా.

అంజలి.


బెళుగుప్ప,
మార్చి 30.

అంజూ,

నువ్వు 'ఎట్లాగైనా' అని రెండుసార్లు రాశావు. ఆ మాట పట్టుకుని నేను తప్పు చేశాను.

గుడి పేరు చెబితే తినదు. సరే, ఇంకొకరి పేరు చెబుదాం అనుకున్నాను. హుస్సేన్ బాషా అంటే అత్తకు గౌరవం. మీ నాయన పోయినప్పుడు పాత్రలు ఇచ్చి అద్దె తీసుకోలేదట కదా. నిన్న మట్టల ఆదివారం. పూజ అయ్యాక సంగటి చేసి, క్యారియర్ ఆయన చేతికిచ్చి, "మా ఇంట్లో చేసినారు" అని చెప్పమన్నాను. ఆయనకు ఇష్టం లేదు. నా ముఖం చూసి ఒప్పుకున్నాడు. ఈ మధ్య అందరూ నా ముఖం చూసే ఒప్పుకుంటున్నారు, నాకు సిగ్గుగా ఉంది.

నేను తిప్పమ్మవ్వ ఇంట్లో నిలబడి విన్నాను. గోడ పలచన.

"వదినా, మా ఇంట్లో చేసినారు. వేడిగుండాది, తిను."

మూత తీసిన చప్పుడైంది.

"బాషా, మీ ఇంట్లో ఏ బియ్యం తింటారప్పా?"

"సోనా."

"దీంట్లో సోనా ఉండాది. స్టోరు బియ్యం ఉండాది. దొడ్డ బియ్యం ఉండాది, అవి ఉడకనే లేదు. నూక ఉండాది. ఏడిండ్ల బియ్యం ఇది. గుడి సంచిది. నమాజు చేసే నోటితో అబద్ధం చెప్పిస్తారా ఆ పిల్లోళ్లు!"

అత్తే మళ్లీ అంది. "ఏడిండ్లది ఉండాది, నా ఇంటిది లేదు. నాది లేని ముద్ద నాకెందుకు? పో అప్పా, నీ మీద కోపం లేదు."

ఆయన బయటికి వచ్చి క్యారియర్ నా చేతిలో పెట్టాడు. "ఇంగ ఇట్లాంటి పనికి నన్ను పిలవొద్దమ్మా. దేక్సా కావాలంటే ఎత్తుకపోండి" అన్నాడు.

పిల్లలకు జరిగింది చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. శ్రీకాంత్ మొదటిసారి జోకు వేయలేదు. "వదిలేద్దామక్కా. మిగతావాళ్లు తింటాండారు కదా" అన్నాడు. నిజమే. మిగతావాళ్లు తింటున్నారు. లింగప్ప తాత పోయిన వారం రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. కానీ రాత్రి పుస్తకం తెరిస్తే ఆ గోడ అవతలి మాటలే వినిపిస్తున్నాయి.

నన్ను క్షమించు.

లిజీ.


గుంటూరు,
ఏప్రిల్ 8.

లిజీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు అన్నీ విన్నావు, అన్నీ రాశావు. అసలు మాట మాత్రం నీకు వినబడలేదు.

'నాది లేని ముద్ద నాకెందుకు' అంది కదా. అది కోపం కాదు. మా అమ్మ ఊళ్లో ఎవరింట్లో పెండ్లి జరిగినా కొంగులో బియ్యం పోసుకుని పోయి వాళ్ల చాటలో పోయనిదే విస్తరి ముందు కూర్చోదు. మాకు లేని ఏడు కూడా అంతే. ఆ పూట మేము గంజి తాగి, ఆ బియ్యం తీసుకుపోయాం. నాకు అప్పుడు ఎంత కోపం వచ్చిందో.

క్యారియర్ తీసుకుపోకు. సంచి తీసుకుపో. ఒక్కదానివే పో. ఇవ్వడానికి కాదు, అడగడానికి పో. నీకు అడగడం రాదని తెలుసు. అందుకే నిన్ను పొమ్మంటున్నాను. అమ్మకు అడగడం వచ్చినవాళ్లంటే నమ్మకం లేదు.

ఇంకొకటి. బాగా తింటున్నానని రాశాను. అది ఇప్పుడు నిజం కాదు. నీ మార్చి ఉత్తరం వచ్చినప్పటి నుంచి నలభై మందికీ వడ్డించి నా కంచం ముందు కూర్చుంటే చేయి లేవడం లేదు. ఉపవాసం అనుకుని మెచ్చుకున్నారు. ఈస్టరు అయిపోయింది, ఇక ఏమనుకుంటారో. తెల్లచీర నడుము దగ్గర మళ్లీ కుట్టాల్సి వచ్చింది. ఈ ఉత్తరం పోస్టు చేసే ముందు సిస్టర్ చదువుతారు. చదవనీ.

అంజలి.


బెళుగుప్ప,
ఏప్రిల్ 20.

అంజూ,

పోయాను. ఒక్కదాన్నే.

దారిలో ఏం మాట్లాడాలో మూడు రకాలుగా అనుకున్నాను. గడప దగ్గరికి పోయేసరికి ఒక్కటీ గుర్తు లేదు. సంచి రెండు చేతులతో తెరిచి పట్టుకుని నిలబడ్డాను.

"అత్తా, పిడికెడు బియ్యం ఏయండి."

చౌడమ్మత్త నన్ను చూసింది, సంచిని చూసింది. "ఏమే, గుడి సంచి నా గడపకు ఎందుకొచ్చె?"

"మీది లేదంటిరి కదా అందులో. అందుకని వచ్చినా."

"ఎవరు చెప్పిచ్చినారు నీకు ఈ మాట?"

"అంజలి."

ఆ ఇంటి ముందు నీ పేరు గట్టిగా అన్నది ఎన్నాళ్లకో. ఆమె లేచి లోపలికి పోయింది. తలుపు వేస్తుందనుకున్నాను. వేయలేదు. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. ఎంతసేపటికీ రాకపోతే తొంగి చూశాను. డబ్బా ముందు నిలబడి కట్టు కట్టిన చేయి చూసుకుంటోంది.

"ఎడమచేత్తో ఎట్ల ఏసేది?" అంది.

అంజూ, ఇన్ని వారాలు నాకు ఈ మాట తోచలేదు. ఆమె కుడిచేయి కట్టులో ఉంది. సంగటి ఏ చేత్తో తింటుంది? బన్ను అయితే ఎడమచేత్తో పట్టుకుని టీలో ముంచుకోవచ్చు. ఎడమచేత్తో అన్నం కలుపుకుని తినడం ఎవరూ చూడకూడదని, ఎవరైనా తినిపిస్తే వాళ్ల ముందు పసిబిడ్డ అయిపోవాలని, అందుకే తిప్పమ్మవ్వను కూడా వద్దంది. గుడి మీద కోపం నిజమే. కానీ అది ఒక్కటే కాదు. మేం రెండుసార్లు వేడివేడిగా ముద్దలు చేసుకుని పోయి, తినలేని మనిషి ముందు పెట్టి, ఎందుకు తినదా అని బాధపడ్డాం.

నా చేయి చాపాను. ఆమె ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది. పట్టుకుని నా చేతిని డబ్బాలో ముంచింది.

"గట్టిగా పట్టు. నా పిడికిలి ఇంతకంటే పెద్దది."

నిండా పట్టి సంచిలో పోశాను. ఆమె నా చేయి వదలలేదు. మళ్లీ డబ్బాలోకి తీసుకుపోయింది.

"ఇంగోటి."

"ఇది ఎవరిది అత్తా?"

"ఈ ఇంట్లో ఇద్దరముంటిమి కదా" అంది.

ఈస్టరు అయిపోయినా ఆదివారం వంట ఆపలేదు. ఆ పూట సంగటి నేనే కెలికాను. కట్టె శ్రీకాంత్‌కు ఇవ్వలేదు. "అక్కకు దెయ్యం పట్టింది" అన్నాడు. ఉండలు లేకుండా రావాలని మాత్రం అనుకున్నాను, మరీ రాలేదు. తీసుకుపోయి అత్త ముందు కూర్చున్నాను. ఆమె ముద్దను పరీక్షగా చూసి, "దీంట్లో నాది యాడుండాదో చూపీ, చూస్తాం" అంది. "తెలీదత్తా" అన్నాను. "ఆ. తెలీకుండా కలిస్తేనే సంగటి" అంది. నవ్విందనుకుంటా.

తలుపు దగ్గరికి వేయమంది. వేశాను. ఊరిబిండి అద్ది ముద్ద నోటికి అందించాను.

"ఏమే, ఇంత చిన్నదా? పిచ్చుకకు పెడతాండావా?"

పెద్దది చేశాను. మొత్తం తింది. ఒకటి కాదు, ఒకటిన్నర. నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, గోడ వైపు చూస్తూ అడిగింది.

"అది తింటాందా?"

తింటోందని చెప్పడానికి నోరు తెరిచాను. బాషా ముఖం గుర్తొచ్చింది. ఊరుకున్నాను.

"తినదు. నాకు తెలుసు" అంది. "చిన్నప్పటి నించీ అంతే. నేను అలిగితే అదీ అలుగుతాది. ఇద్దరం పస్తుండేవాళ్లం, మీ మామ ఇద్దరినీ తిట్టి తినిపిస్తాండె." "రాయి. మీ యమ్మ తినింది అని రాయి. ఇంగేం రాయొద్దు" అంది.

మాటపట్టు గురించి అడగలేదు. రమ్మనలేదు, వద్దనీ అనలేదు. పెట్టె మీద నీ ఉత్తరాలున్నాయి, అన్నీ, విప్పనివి. వరసగా పేర్చి పైన గాజుల డబ్బా బరువు పెట్టింది, గాలికి పోకుండా.

ఒక్క వాక్యం రాయమంటే ఇంత రాశాను. ఆమెకు చెప్పకు.

లిజీ.


గుంటూరు,
ఏప్రిల్ 28.

లిజీ,

నీ ఉత్తరం మధ్యాహ్నం వడ్డించేటప్పుడు వచ్చింది. గరిటె పక్కన పెట్టి వంటింట్లోనే నిలబడి చదివాను. పప్పు అడుగంటింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, నా ముఖం చూసి ఊరుకున్నారు. నీ జబ్బు నాకూ అంటింది.

భోజనాలయ్యాక సిస్టర్ దగ్గరికి పోయాను. మాటపట్టు ఈ మే నెలలో వద్దు, డిసెంబరుకు పెట్టండి, అమ్మ చేయి బాగయ్యేదాకా ఇంటికి పోతానన్నాను. ఆమె నా ఉత్తరాలన్నీ చదివారు కదా, ఆశ్చర్యపోలేదు. "తిరిగి వస్తావా?" అని అడిగారు.

తెలియదన్నాను.

రెండేళ్లలో నేను ఇక్కడ చెప్పిన మాటల్లో అన్నిటికంటే నిజమైన మాట అదేననిపించింది. వస్తానేమో. ఆ ఇంట్లో ఉండి, ఆ గోడ పక్కన పడుకుని, ఉదయాన్నే లేచినప్పుడు మనసు ఇటు లాగుతుందో లేదో చూడాలి. ఏమీ తేలలేదు, లిజీ. ఆకలి మాత్రం వేసింది. అడుగంటిన పప్పే మిగిలింది. దాంతోనే తిన్నాను.

వచ్చే వారం శనివారం బస్సుకు బయలుదేరుతున్నాను. ఆదివారం సంచిలోకి మా ఇంటి నుంచి ఇద్దరివీ తీసుకో. ఈసారి నా పిడికెడు నేనే వేస్తాను.

అమ్మకు వస్తున్నానని చెప్పకు. చెబితే కట్టు విప్పేసి సంగటి కట్టె పడుతుంది. తిన్నానని మాత్రం చెప్పు. నమ్మకపోతే, మాడిన పప్పుతో తినిందని చెప్పు. నమ్ముతుంది.

అంజలి.